గేటు లోపల మనవాడి పనేమిటి?
ఒక పాత ఫిట్టరు అనుభవ పాఠాలు

ఎచ్చెర్లలో బయల్దేరి చుట్టూ ముప్పై కిలోమీటర్ల మేర తిరిగొస్తే చాలు, మన దేశ ఆర్థిక చరిత్రలో సగం కళ్లబడుతుంది. పొందూరులో రాట్నం తిరుగుతూనే ఉంటుంది. ఆమదాలవలసలో పంచదార ఫ్యాక్టరీ మూతబడి ఏళ్లయింది. హైవే పక్కన అరిణాం అక్కివలస, చిలకపాలెం వైపు రసాయన కర్మాగారాలు, ఇంకా కిందికి వెళ్తే పైడిభీమవరంలో మందుల కంపెనీలు. తూర్పుకి తిరిగితే బుడగట్లపాలెం, సముద్రం.

నేనిక్కడి పల్లెలో పుట్టి, ఐటీఐ చదివి, ముందు విశాఖలో, తర్వాత ఈ హైవే పక్కన ఫిట్టరుగా పనిచేసి రిటైరైన మనిషిని. అంబేద్కర్ యూనివర్సిటీ పిల్లలూ, ఎస్.ఎం. పురం ట్రిపుల్ ఐటీ పిల్లలూ టీ కొట్టు దగ్గర కలిసినప్పుడు "కంపెనీలొస్తే మంచిదేనా తాతా?" అని అడుగుతుంటారు. వ్యవసాయం మీద బతికే సమాజం యంత్రాలతో, కర్మాగారాల్లో, జీతానికి పనిచేసే జనంతో పెద్దఎత్తున సరుకు తయారుచేసే సమాజంగా మారడమే పారిశ్రామికీకరణ అని వాళ్ల పుస్తకాల్లో ఉంటుంది. అది నిజమే. ఆ మార్పు మా జిల్లాలో ఎలా జరిగిందో, ఎక్కడ ఆగిపోయిందో చూసినవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

1. చేతిలో విద్య ఒక్కటే నిలబెట్టదు

చికాకోల్ మస్లిన్ అని ఒకప్పుడు సముద్రాలు దాటి పేరు తెచ్చుకున్న బట్ట మన శ్రీకాకుళానిదే. ఆ విద్య పొందూరులో ఇంకా బతికుంది. మా అమ్మా వడికేది. వాలుగ చేప దవడ ఎముక పట్టుకుని, పత్తి గింజనంటి ఉన్న పీచును సన్నగా దువ్వేది. ఆ పళ్ల వరసంత మెత్తగా ఏ ఇనుప దువ్వెనా దువ్వదని ఆమె నమ్మకం. ఏకిన పత్తిని ఏకులు చుట్టి, ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, చెమట చెయ్యి తగలకుండా అందులోంచే దారం తీసేది. అక్కడి ఆడవాళ్లు 100 కౌంటు నూలు తీస్తారు. అంటే ఒక్క పౌను నూలును పొడవునా పరిస్తే దాదాపు 77 కిలోమీటర్లు.

ఇంత విద్యా అమ్మకు ఉప్పూ పప్పుకే సరిపోయేది. ఎందుకని? ఆర్థిక చరిత్రకారులు వేసిన లెక్క ఒకటుంది. వంద పౌన్ల పత్తి వడకడానికి మన దేశపు చేతిరాట్నం మీద 50,000 గంటలకు పైగా పట్టేది. ఇంగ్లండులో 1790ల నాటికి యంత్రం మీద అదే పని 300 గంటలకు దిగింది. 1825 నాటికి 135 గంటలు. ఒక మనిషి ఒక గంటలో తీసే సరుకు 1790ల నాటికే నూట అరవై రెట్లు పెరిగాక ధర ఎక్కడికి పడిపోతుందో చెప్పక్కర్లేదు. లాంకషైర్ బట్ట మన సంతల్లోకి వచ్చింది, మగ్గాలు మూలపడ్డాయి. పైగా అప్పుడు రాజ్యం మనది కాదు, సుంకాలు మన చేతిలో లేవు.

పారిశ్రామికీకరణ గుట్టంతా ఆ గంటల లెక్కలోనే ఉంది. దేశం ధనవంతమయ్యేది జనం ఎక్కువ కష్టపడటం వల్ల కాదు, అదే కష్టానికి ఎక్కువ సరుకు రావడం వల్ల.

2. రాయి తవ్వి పంపితే కూలి, కరిగించి అమ్మితే విద్య

చీపురుపల్లి వైపు గర్భాం, కోడూరు మాంగనీసు గనుల సంగతి మీ తాతల్ని అడగండి. భారతదేశంలో మాంగనీసు తవ్వకం మొదలైందే ఈ గడ్డ మీద, 1892లో. ఉక్కుకి గట్టితనం రావాలంటే మాంగనీసు కావాలి. కానీ ఉక్కు మిల్లులు మన దగ్గర లేవు. రాయి బండెక్కి, రైలెక్కి, ఓడెక్కి వెళ్లిపోయేది. మనకు మిగిలింది తట్ట మోసిన కూలీ, గొయ్యీ.

1950ల చివర్లో గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ వచ్చింది. అదే రాయిని ఫర్నేసులో కరిగించి ఫెర్రో మాంగనీసు చేసి అమ్మడం మొదలైంది. అప్పుడు ఫర్నేసు నడిపేవాడు కావాల్సి వచ్చింది. ఎలక్ట్రీషియను, వెల్డరు, ల్యాబులో పరీక్ష చేసేవాడు, క్రేను ఎక్కేవాడు కావాల్సి వచ్చారు. ఫ్యాక్టరీ పక్కన బడి వచ్చింది, క్వార్టర్లు వచ్చాయి. నిన్నటిదాకా తట్ట మోసినవాడి కొడుకు టర్నరయ్యాడు.

అయితే ఫర్నేసుకు కరెంటే తిండి. యూనిట్ రేటు రెండు రూపాయలు పెరిగితే చాలు, లాభం కాస్తా ఆవిరవుతుంది. ఉత్తరాంధ్రలో ఫెర్రో పరిశ్రమ ఎన్నిసార్లు కుంటుపడిందో, అన్నిసార్లూ కరెంటు బిల్లు మాట వినబడింది. అందుకే ఫ్యాక్టరీ వస్తోందంటే ముందు ముడిసరుకు గురించి కాదు, కరెంటూ నీరూ ఎక్కణ్నుంచి, ఏ ధరకు అని అడగండి.

3. పని మన దగ్గరికి రాకపోతే మనమే దాని దగ్గరికి పోతాం

కళింగపట్నం ఒకప్పుడు ఓడలతో కళకళలాడిన రేవు. రైలు లోపలి దారిన ఆమదాలవలస మీదుగా పోయింది. 1933లో విశాఖలో లోతైన ఓడరేవు తెరిచారు. సరుకు అటే మళ్లింది, కళింగపట్నంలో దీపస్తంభం మిగిలింది. రవాణా ఏ దారిన పోతే పరిశ్రమ ఆ దారినే పోతుంది.

పరిశ్రమ పోయిన చోటికే మనవాళ్లూ పోయారు. రంగూన్‌లో రేవు పనికి పోయారు. కలకత్తా పక్కన టిటాగఢ్ జనపనార మిల్లులకు, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపుకు పోయారు. ఖరగ్‌పూర్‌లో ఈనాటికీ తెలుగు వినబడుతుందంటే కారణమిదే. విచిత్రం ఏమిటంటే, నార మన పొలాల్లోనూ పండేది. గోగు కోసి, చెరువులో ఊరవేసి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి నార ఒలిచేవాళ్లు. ఆ వాసన స్నానం చేసినా వదిలేది కాదు. తర్వాత మన దగ్గరే చిట్టివలసలో, నెల్లిమర్లలో, బొబ్బిలిలో, రాజాంలో జూట్ మిల్లులు నడిచాయి. ఈవేళ విమానాశ్రయాలు కట్టే జీఎంఆర్ సంస్థ తొలి అడుగులు కూడా రాజాంలో జూట్ వ్యాపారంతోనే పడ్డాయి.

మిల్లు దగ్గర్లో ఉంటే ఏమవుతుందో నేను చూశాను. రైతుకు గోగు అమ్ముకునే చోటు దొరికింది. మిల్లు జీతాల రోజున సంత నిండేది. సైకిల్ షాపూ, హోటలూ, టైలరూ దాని మీదే బతికారు. ఒక ఫ్యాక్టరీ జీతం ఊళ్లో నాలుగు చేతులు మారుతుంది. వలస వెళ్లినవాడి మనియార్డరు ఇంటి అప్పు తీరుస్తుంది గానీ ఊళ్లో దుకాణం తెరవదు.

4. ఉక్కు ఆలస్యమైతే అన్నీ ఆలస్యమే

1956లో మొదలైన రెండో పంచవర్ష ప్రణాళిక భారీ పరిశ్రమల మీద పందెం కాసింది. భిలాయ్, రూర్కెలా, దుర్గాపూర్‌లలో సర్కారు ఉక్కు కర్మాగారాలు కట్టింది. యంత్రాలు చేసే యంత్రాలు మన దగ్గరే ఉండాలన్నది ఆ ఆలోచన. అప్పట్లో అంత పెట్టుబడి పెట్టగల ప్రైవేటు వాళ్లు కొద్దిమందే.

మనకు ఉక్కు ఊరికే రాలేదు. 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని 1966లో జనం వీధుల్లోకొచ్చారు, అమృతరావు గారు నిరాహార దీక్ష చేశారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. 1970 ఏప్రిల్‌లో ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరిలో శంకుస్థాపన అయింది. జాతికి అంకితమైంది ఎప్పుడు? 1992 ఆగస్టు 1న.

దీని పక్కన దక్షిణ కొరియా లెక్క పెట్టి చూడండి. అక్కడ పోస్కో పుట్టింది 1968లో, ఇనుము కరిగింది 1973లో. ఆ ఉక్కుతోనే ఓడలు కట్టారు, కార్లు చేశారు. ఓడల విషయంలో మొదట్లో మనమేం వెనకబడి లేము. వాల్‌చంద్ హీరాచంద్ 1941లో విశాఖలో మొదలుపెట్టిన షిప్‌యార్డు నుంచి 1948 మార్చిలోనే 'జల ఉష' నీళ్లలోకి దిగింది. కొరియాలో హ్యుందాయ్ షిప్‌యార్డుకు పునాది పడింది 1972లో. ముందు బయల్దేరింది మనం, ముందు చేరింది వాళ్లు.

విశాఖ ఉక్కు శంకుస్థాపన తర్వాతి ఆ ఇరవై ఏళ్లలో ఒక తరం కుర్రాళ్లు ఉద్యోగ వయసు దాటిపోయారు. కర్మాగారానికి సొంత ఇనుప గనులు లేకపోవడం ఇంకో దెబ్బ. 2021 జనవరిలో పూర్తిగా అమ్మేయాలని కేంద్రం నిర్ణయిస్తే మళ్లీ వీధులే దిక్కయ్యాయి. 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించారు. ఫ్యాక్టరీ సాధించడం ఒక పోరాటం, దాన్ని సమయానికి కట్టడం ఇంకో పోరాటం, గనీ రైలూ కరెంటూ ఇచ్చి నిలబెట్టడం మూడోది. మనం మొదటిదానిలోనే గట్టివాళ్లం.

5. మందు బిళ్ల వెనక ఒక చట్టం ఉంది

పైడిభీమవరంలో డాక్టర్ రెడ్డీస్, అరబిందో లాంటి పెద్ద కంపెనీల ఫ్యాక్టరీలున్నాయి. ఇక్కడి సరుకు అమెరికాకు వెళ్తుంది, అమెరికా మందుల నియంత్రణ సంస్థ తనిఖీదార్లు వచ్చి ఇక్కడి రిజిస్టర్లు తిరగేస్తారు. పల్లెటూరి పక్కన ఇది ఎలా సాధ్యమైంది?

మూడు మెట్లు. మొదటిది, 1960ల్లో హైదరాబాద్‌లో సర్కారు కట్టిన మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్. మందుల మూలపదార్థాలు పెద్దఎత్తున తయారుచేయడం అక్కడ ఎందరో కెమిస్టులు నేర్చుకున్నారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి గారు అక్కడ పనిచేసినవారే. రెండోది, 1970 పేటెంట్ చట్టం. మందు మీద కాకుండా మందు తయారుచేసే పద్ధతి మీదే పేటెంటు అని చట్టం చెప్పింది. కొత్త పద్ధతిలో అదే మందు చేస్తే తప్పు కాదు. అలా డాక్టర్ రెడ్డీస్ 1984లో, అరబిందో 1986లో పుట్టాయి. మూడోది, 1991 తర్వాత తెరుచుకున్న ఎగుమతుల మార్కెట్టు. 2005లో మందు మీదే పేటెంటు తిరిగొచ్చేసరికి మనవాళ్లు కాళ్ల మీద నిలబడ్డారు.

సర్కారా ప్రైవేటా అని వాదించుకునేవాళ్లకు నేను ఈ కథే చెబుతాను. సర్కారు నేర్పింది, చట్టం దారిచ్చింది, ప్రైవేటు పరుగెత్తింది. మూడింట్లో ఏది లేకపోయినా పైడిభీమవరం లేదు.

ఇక మా సంగతి. మొదట్లో గేటు లోపల మనవాళ్ల పని డ్రమ్ములు దొర్లించడం, గడ్డి కోయడం, సెక్యూరిటీ. కెమిస్టులు బయటి జిల్లాల వాళ్లు. తర్వాత మన ఊళ్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు తెల్లకోటు వేసుకుని క్వాలిటీ కంట్రోల్‌లోకి వెళ్లడం మొదలైంది. జిల్లాలో పరిశ్రమ వేళ్లూనుతోందని చెప్పడానికి నాకు పొగగొట్టం ఎత్తు కంటే ఆ తెల్లకోటే పెద్ద గుర్తు.

6. అవతలి బోల్టు ముందు విప్పు

ఇది నా వృత్తి పాఠం. పైపులైను ఫ్లాంజి విప్పేటప్పుడు నీ వైపు బోల్టు ముందు ముట్టకు. నీకు దూరంగా ఉన్న అవతలి బోల్టును ముందు వదులు చెయ్. లోపల ప్రెషరో యాసిడ్ చుక్కో మిగిలి ఉంటే అటు చిమ్ముతుంది, నీ ముఖం మీదికి రాదు. అంతకు ముందే పర్మిట్ కాగితం మీద సంతకం చూసుకో. వాల్వుకు తాళం వేసి తాళంచెవి నీ జేబులో పెట్టుకో. షిఫ్టు ఇన్‌ఛార్జి తొందరపెట్టినా సరే.

గేటు బయట ఉన్నవాడికీ ఈ పాఠం కావాలి. 2011 జూన్ 30న చిలకపాలెం దగ్గర పురుగుమందుల కర్మాగారంలో పేలుడు జరిగింది. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని పరుగులు తీశారు. ఎటు పరుగెత్తాలో ఎవరికీ తెలియదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి కమ్మి పన్నెండు మంది చనిపోయారు. గ్యాస్ లీకైతే గాలికి అడ్డంగా, పక్కకి తప్పుకోవాలి. గాలి వాలున పరుగెత్తితే గ్యాస్ మన వెంటే వస్తుంది. ఈ ఒక్క మాట ఊరూరా గోడ మీద రాసి ఉండాలి.

భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టం సవరించి, లోపల ఏ ప్రమాదకర పదార్థాలున్నాయో కార్మికులకూ చుట్టుపక్కల జనానికీ యాజమాన్యం చెప్పి తీరాలన్నారు. చట్టాల పేర్లు మారుతుంటాయి, అడిగే అలవాటు మాత్రం పోకూడదు.

7. భూమి ఇచ్చినవాడి లెక్క కంపెనీ పద్దులో కనబడదు

సోంపేటలో బీల అనే చిత్తడి భూముల్ని ఒకసారి చూసి రండి. కాగితాల మీద అది పనికిరాని తంపర. అక్కడివాళ్లకు అది చేప, గడ్డి, జమ్ము, సాగునీరు. థర్మల్ ప్లాంటు వద్దని పట్టుబట్టిన జనం మీద 2010 జులై 14న కాల్పులు జరిగాయి. మరుసటి ఫిబ్రవరిలో కాకరాపల్లిలోనూ అంతే. పరిశ్రమ వద్దనేవాళ్లు అభివృద్ధికి శత్రువులని పట్నంవాళ్లు తేలిగ్గా అనేశారు. వాళ్లు వద్దన్నది, లెక్క చూసుకున్నాకే. పోయేది ఎంతో వాళ్లకు తెలుసు, వచ్చేది ఎవరికో తెలియలేదు.

విశాఖ ఉక్కుకు భూములిచ్చిన వాళ్లకు ఉద్యోగం ఇస్తామని ఆర్ కార్డులిచ్చారు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ ముసలివాళ్లయినవాళ్లు ఉన్నారు. మన రణస్థలం మండలం కొవ్వాడలో 1,208 మెగావాట్ల అణు రియాక్టర్లు ఆరు కట్టాలన్న ప్రతిపాదన ఏళ్లుగా నడుస్తోంది. కొవ్వాడ మత్స్యకారుడికి ఇల్లు ఇంకోచోట కట్టివ్వవచ్చు, సముద్రాన్ని వెంట పంపలేరు. నష్టపరిహారం అనేది ఒక్కసారి వచ్చే డబ్బు. పోయింది ఏటేటా వచ్చే బతుకు. ఈ రెంటినీ ఒకే కాటాలో తూచడం కుదరదని ఒప్పుకున్న రోజున బేరం న్యాయంగా మొదలవుతుంది.

8. పొగగొట్టం లేకపోయినా పరిశ్రమే

మన ఎచ్చెర్ల మండలం డి. మత్స్యలేశం కుర్రాళ్లు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు పాకిస్తాన్‌కు చిక్కారు. 2020 జనవరిలో విడుదలై వచ్చారు. సినిమా కూడా తీశారు, 'తండేల్' చూసి అందరూ కన్నీళ్లు పెట్టుకున్నారు.

నాకు వచ్చిన సందేహం వేరు. మన ముందు సముద్రం పెట్టుకుని వీళ్లు దేశం ఆ చివరికి ఎందుకు పోతారు? వెరావల్‌లో జెట్టీ ఉంది. ఐసు ఫ్యాక్టరీలున్నాయి. చేపను శుభ్రం చేసి గడ్డకట్టించి ఎగుమతి చేసే యూనిట్లున్నాయి. మర బోటు పట్టే చోటుంది. మన ఒడ్డున తెప్ప ఇసుకలోకి లాగాలి, చేప మధ్యాహ్నంలోగా అమ్మాలి, లేకపోతే దళారి చెప్పిందే రేటు. బుడగట్లపాలెంలో ఫిషింగ్ హార్బరు అంటున్నారు. అది పూర్తయి, దానికి ఐసూ శీతల గిడ్డంగీ కూడా తోడైతే ఈ మండలానికి అంతకు మించిన పరిశ్రమ అక్కర్లేదు. బుడగట్లపాలెం చేప కావచ్చు, పలాస జీడిపప్పు కావచ్చు, పొలమూ సముద్రమూ ఇచ్చినదాన్ని ఇక్కడే సరుకు చేయడం అన్నిటికన్నా దగ్గరి దారి.

9. దేశం మారింది, సగమే మారింది

1950ల మొదట్లో దేశ ఆదాయంలో సగం వ్యవసాయానిదే. ఇప్పుడది ఐదో వంతు కంటే తక్కువ. ఆ మాత్రం చూస్తే మనం పూర్తిగా మారిపోయినట్టే. కానీ పనిచేసేవాళ్లలో నూటికి నలభై మందికి పైగా ఇంకా సేద్యం మీదే ఉన్నారు. అంటే తగ్గిపోయిన ముక్కను ఎక్కువమంది పంచుకుంటున్నారు. చైనాలో తయారీ రంగం వాటా పావు వంతు దాకా ఉంటే, మన దగ్గర ఏళ్ల తరబడి అంతకు చాలా కిందే తచ్చాడుతోంది. పొలం నుంచి ఫ్యాక్టరీకి, అక్కణ్నుంచి ఆఫీసుకు వెళ్లాల్సిన దేశం, పొలం నుంచి ఆఫీసుకు గెంతాలని చూసింది. ఇంగ్లీషూ కంప్యూటరూ వచ్చినవాడు గెంతాడు. రానివాడు పొలం గట్టునో, హైదరాబాద్ అపార్టుమెంటు పునాది గుంతలోనో ఉన్నాడు. మన జిల్లా వలస కథ అంతా ఈ లెక్కలోనే ఉంది.

10. గేటు దగ్గర అడగాల్సినవి

చిట్టివలస మిల్లు 2009లో మూతబడింది. కొన్ని మూతబడతాయి, అది పరిశ్రమల స్వభావం. మూతబడ్డాక ఊళ్లో పనితనం మిగిలిందా లేదా అన్నదే తేడా. చేతిలో విద్య ఉన్న ఫిట్టరు ఇంకో గేటు దగ్గరికి వెళ్లగలడు. కాంట్రాక్టరు కింద డ్రమ్ములు మోసినవాడికి వయసు పోవడం తప్ప ఏమీ మిగలదు.

కాబట్టి నాయనా, కంపెనీలొస్తే మంచిదేనా అంటే నా జవాబు ఇది. ప్రజాభిప్రాయ సేకరణకు టెంటు వేసిన రోజున బిర్యానీ పొట్లం తీసుకుని వచ్చేయకండి. నిలబడి అడగండి. నీళ్లు నాగావళివా, భూగర్భానివా, రోజుకెంత? వ్యర్థం ఎక్కడికి పోతుంది? లోపల ఏ రసాయనాలుంటాయి, సైరను మోగితే ఎటు వెళ్లాలి? పర్మనెంటు ఎందరు, కాంట్రాక్టు ఎందరు? పీఎఫ్, ఈఎస్ఐ ఎవరు కడతారు? మా ఐటీఐ పిల్లలకు ఏటా ఎన్ని అప్రెంటిస్ సీట్లు? గాస్కెట్లూ ప్యాకింగ్ డబ్బాలూ ఇక్కడి చిన్న యూనిట్ల దగ్గర కొంటారా, బయటి నుంచి తెస్తారా? ఈ జవాబులన్నీ మినిట్స్‌లో రాయించి, కాపీ పంచాయతీ ఆఫీసులో పెట్టించండి.

ఇన్ని అడిగినా పారిపోని కంపెనీ అయితే, అది మన ఊళ్లో ఉండటానికే వస్తోందన్నమాట. రానివ్వండి.